మూడోసారి వచ్చిన కామెర్లు

“మా వాడికి కామెర్లు వస్తూ పోతూ ఉంటాయండి” అని ఆ తల్లి అన్న మాట దగ్గర నేను రాయడం ఆపేశాను. కలుషితమైన నీటి వల్ల వచ్చే మామూలు కామెర్లు అలా వస్తూ పోతూ ఉండవు. అలాంటి కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ ఒకసారి సోకి తగ్గిన మనిషికి సాధారణంగా జీవితంలో మళ్లీ రాదు. ఈ కుర్రాడికి పద్నాలుగేళ్లు, మూడేళ్లలో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ పక్క ఊరికి తీసుకువెళ్లి పసరు పోయించారు, నెల రోజులు ఉప్పూ నూనే తగలని చప్పిడి పథ్యం పెట్టారు, కళ్ల పచ్చదనం పోయింది. ఈసారి పసరు పోసి పది రోజులైనా పచ్చదనం తగ్గకపోగా, పిల్లవాడు మంచం మీద నుంచి లేవలేని స్థితికి వచ్చాక మా దగ్గరికి తెచ్చారు. (ఈ కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరాలన్నీ మార్చి రాస్తున్నాను.)

పసరు పోసేవాళ్ల మీద నాకు కోపం లేదని ముందే చెప్పాలి. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో చాలా భాగం నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి, ఆ సమయంలో ఏది మింగినా ఆ పేరు దానికే దక్కుతుంది. మేము రాసే లివర్ టానిక్కులకు వచ్చే పేరు కూడా చాలావరకు ఇలా వచ్చినదే. చిక్కు మందుతో కాదు, పేరుతో వస్తుంది. “కామెర్లు” అని ఒక పేరు పెట్టేశాక, అది ఎందుకు వచ్చిందన్న ప్రశ్న ఇంట్లోనూ అడగరు, చాలాసార్లు ఆసుపత్రిలోనూ అడగరు.

వాళ్లు తెచ్చిన రక్తపరీక్షల కాగితం ఒక విచిత్రమైన కథ చెబుతోంది. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ 22. అంత కామెర్లు వైరస్ వల్ల వచ్చి ఉంటే ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైము వందల్లో, తరచుగా వేలల్లో ఉండాలి. ఇక్కడ అది 48 మాత్రమే, దాని జంట ఎంజైము ఏఎస్‌టీ 130. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 38. ఎదిగే వయసు పిల్లల్లో ఎముకల నుంచి కూడా ఈ ఎంజైము వస్తుంది కాబట్టి, ఏ జబ్బూ లేని పద్నాలుగేళ్లవాడిలోనే అది ఇంతకు నాలుగైదు రెట్లు ఉంటుంది. హిమోగ్లోబిన్ 6.8. కూంబ్స్ పరీక్ష నెగటివ్, అంటే ఎర్ర రక్తకణాలు పగిలిపోతున్నాయి గాని శరీరం తనపై తాను చేసుకునే దాడి వల్ల కాదు. సీసాలో పట్టి తెచ్చిన మూత్రం పసుపు రంగులో లేదు, పాలు కలపని టీ డికాషన్ రంగులో ఉంది. అది పైత్యపు రంగు ఒక్కటే కాదు, పగిలిన కణాల నుంచి వచ్చిన హిమోగ్లోబిన్ కూడా కలిసిన రంగు. ఏఎస్‌టీని ఏఎల్‌టీతో భాగిస్తే 2.2 దాటడం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను బిలిరుబిన్‌తో భాగిస్తే 4 కన్నా తక్కువ రావడం, ఈ రెండూ లివర్ హఠాత్తుగా విఫలమైన రోగిలో కలిసి కనిపిస్తే వైద్యుడు తలచుకోవలసిన పేరు ఒకటుంది. అందుకు యంత్రాలేమీ అక్కర్లేదు, రెండు భాగహారాలు చేస్తే చాలు.

ఆ పేరు చెప్పే ముందు తల్లిని ఇంకో ప్రశ్న అడిగాను. “పిల్లలు ఎంతమందమ్మా?” ఆవిడ ఇద్దరని చెప్పి, కాసేపు ఆగి, “పెద్దపిల్ల ఉండేదండి, పన్నెండో ఏట కామెర్లతోనే పోయింది” అంది. భర్త ఏమవుతాడని అడిగితే, “నాకు సొంత మేనమామేనండి” అని, అందులో అడగాల్సినదేముందన్నట్టు నా వైపు చూసింది.

మన ప్రాంతంలో మేనరికం గురించి అడిగితే జనం నొచ్చుకుంటారని కొందరు వైద్యులు ఆ ప్రశ్న దాటవేస్తారు. నేను దాటవేయను, ఎందుకంటే లివర్ జబ్బుల్లో కొన్ని రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ బిడ్డకు చేరాలి. ఒక్కటే ఉన్నవాళ్లకు జబ్బు రాదు, తమలో ఆ లోపం ఉందన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. మేనమామ, మేనకోడలు ఒకే పెద్దల నుంచి వచ్చినవారు కనుక, అదే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం బయటి సంబంధంలో కన్నా చాలా ఎక్కువ. ఇద్దరిలోనూ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. ఈ లెక్క చెప్పినప్పుడు ఎవరి తప్పూ లేదని కూడా అదే వాక్యంలో చెప్పాలి, లేకపోతే ఇంటికి వెళ్లాక ఆ నింద మొత్తం తల్లి మీద పడుతుంది.

ఆ మధ్యాహ్నం పిల్లవాణ్ణి చక్రాల కుర్చీలో కంటి విభాగానికి తీసుకువెళ్లాం. మన కళ్లు ముదురు గోధుమరంగువి కాబట్టి, నేను వెతుకుతున్నది టార్చిలైటు వేసి చూస్తే దొరకదు. గడ్డం ఆనించి కూర్చోబెట్టి, పైరెప్ప ఎత్తి, స్లిట్ ల్యాంప్ సన్నని కాంతి చీలికను నల్లగుడ్డు అంచు మీదికి తెచ్చినప్పుడు, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) పైఅంచున నెలవంక ఆకారంలో ఒక వన్నె కనిపించింది. తోమిన ఇత్తడి మీద నాలుగు రోజులు గాలి తగిలితే వచ్చే మసక బంగారు గోధుమరంగు అది. కింది అంచున అదే రంగు ఇంకా పలచగా ఉంది, పక్కలకు ఇంకా చేరలేదు. ఈ వలయం పైన మొదలై, తర్వాత కింద వచ్చి, చివరికి చుట్టూ కలుస్తుంది. పరికరం నుంచి తల ఎత్తిన పీజీ విద్యార్థిని నాతో ఏమీ అనలేదు, జరిగి తన స్టూలు నాకు ఇచ్చింది.

కైజర్-ఫ్లైషర్ వలయం అంటారు దీన్ని. 1902లో కైజర్ అనే జర్మన్ కంటివైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు, మరుసటి ఏడాది ఫ్లైషర్ వర్ణించాడు. 1912లో లండన్‌లో పనిచేస్తున్న నరాల వైద్యుడు శామ్యూల్ అలెగ్జాండర్ కినియర్ విల్సన్, మెదడు లోపలి భాగం క్షీణించడమూ లివర్ గట్టిపడడమూ కలిసి కనిపించే ఒక జబ్బును వివరంగా రాశాడు. నేను తలచుకున్న పేరు అదే, విల్సన్ జబ్బు. అది ఒకే ఇంట్లో అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ వస్తున్నదని గమనించి కూడా, వంశపారంపర్యమని ఆయన అనుకోలేదు, ఏదో విషం కారణమై ఉంటుందని ఊహించాడు. ఊహలో సగం నిజమే, ఆ విషం రాగి. కంటి అంచున వలయంగా పేరుకున్నదీ అదే. దాన్ని బయటికి పంపే జన్యువు, పదమూడో క్రోమోజోము మీద ఉన్న ఏటీపీ7బీ, 1993లో దొరికింది.

రాగి మనకు రోజుకు ఒక మిల్లీగ్రాము లోపే కావాలి, తినే తిండిలో అంతకన్నా కొంత ఎక్కువే వస్తుంది. మిగిలినదాన్ని లివర్ పైత్యరసంలో కలిపి పేగులోకి వదులుతుంది, అది మలంతో పోతుంది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీనుకు రెండు పనులు: రాగిని సెరులోప్లాస్మిన్ అనే వాహకానికి ఎక్కించడం, అదనంగా ఉన్నదాన్ని పైత్యంలోకి తోయడం. అది పనిచేయకపోతే రాగి పుట్టిన రోజు నుంచీ లివర్‌లో పేరుకుంటూ పోతుంది. బడికి వెళ్లే వయసు వరకు పైకి ఏమీ తెలియదు. ఆ తర్వాత ఒకరికి చడీచప్పుడు లేకుండా లివర్ గట్టిపడుతుంది. ఒకరికి కామెర్లు వచ్చి పోతాయి. మరొకరికి చచ్చిన లివర్ కణాల నుంచి రాగి ఒక్కసారిగా రక్తంలోకి దూకి, ఎర్రకణాలను పగలగొట్టి, ఈ కుర్రాడికి జరిగినట్టు జరుగుతుంది. లివర్‌లో నిండిన రాగి మెదడుకు చేరితే ఇరవై ఏళ్ల ప్రాయంలో చేతులు వణకడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. ముప్పై వేల మందిలో ఒకరికి అని పుస్తకాల్లో ఉండే లెక్క. మేనరికాలు ఎక్కువైన చోట ఆ లెక్కను నమ్ముకుని కూర్చోకూడదన్నది నా అభిప్రాయం.

నిర్ధారణ ఇంత సూటిగా జరిగే రోజులు తక్కువ. రక్తంలో సెరులోప్లాస్మిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే అనుమానించాలి, 10 కన్నా తక్కువైతే గట్టిగా అనుమానించాలి. కాని ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడూ, గర్భిణుల్లోనూ అది పెరిగి మామూలుగా కనిపించవచ్చు. ఏ కారణం చేత లివర్ పూర్తిగా దెబ్బతిన్నా తగ్గనూవచ్చు. కంటి వలయం నరాల లక్షణాలున్న వారిలో దాదాపు అందరికీ ఉంటుంది గాని, లివర్ జబ్బుతో మాత్రమే వచ్చేవారిలో సుమారు సగం మందికే ఉంటుంది, చిన్నపిల్లల్లో ఇంకా అరుదు. అందుకే ఏ ఒక్క పరీక్షనూ నమ్మకుండా, అన్నింటికీ మార్కులు వేసి కూడే పద్ధతిని 2001లో లైప్‌జిగ్‌లో జరిగిన సమావేశంలో రూపొందించారు. మొత్తం నాలుగు దాటినా, నాలుగుకు సమానమైనా జబ్బు ఉన్నట్టే.

వీటిలో నన్ను ఎక్కువ సతాయించేది 24 గంటల మూత్రంలో రాగిని కొలిచే పరీక్ష. చెప్పడానికి చాలా తేలిక. పొద్దున్నే లేచి మొదటిసారి పోసినది పారబోయాలి, అప్పటి నుంచి మరునాడు పొద్దున లేచి పోసినదాకా ఒక్క చుక్క పోకుండా డబ్బాలో పట్టాలి. పెద్దవాళ్లలో 100 మైక్రోగ్రాములు దాటితే జబ్బుకు బలమైన సూచన, పిల్లల్లో 40 దాటినా వదిలేయకూడదు. ఆచరణలో రాత్రి నిద్రలో లేచినది పట్టరు, బడికి వెళ్లినప్పటిది పట్టరు, డబ్బా లేకపోతే చేతికి దొరికిన సీసాలో పడతారు. ఒకసారి ఒక అమ్మాయి ఫలితం నమ్మశక్యం కానంత పెద్ద అంకెతో వచ్చింది. ఆ అమ్మాయికి వేరే ఏ ఆధారమూ లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక వాళ్ల నాయనమ్మను అడిగితే తేలిందేమిటంటే, డబ్బా మూతి చిన్నదని ఆవిడ మూత్రాన్ని ముందు పాత రాగి చెంబులో పట్టి, తర్వాత గరాటుతో డబ్బాలోకి వంపుతోంది. మళ్లీ ప్లాస్టిక్ మగ్గుతో పట్టిస్తే 18 వచ్చింది. ఆ రోజు నుంచి నా చీటీ మీద “లోహపు పాత్ర వద్దు” అని రాసి కింద గీత గీస్తున్నాను.

నవ్వుకోదగిన పొరపాటు చెప్పాను గనుక, నవ్వుకోలేనిది కూడా చెప్పాలి. నేను ఈ శాఖలో శిక్షణ పొందుతున్న రోజుల్లో పందొమ్మిదేళ్ల యువకుడు పొట్టలో నీరుతో చేరాడు. మద్యం అలవాటు లేదు, హెపటైటిస్ బి, సి లేవు. సెరులోప్లాస్మిన్ పంపితే 22 వచ్చింది. నార్మల్ అని టిక్కు పెట్టి, “కారణం తెలియని సిర్రోసిస్” (లివర్ గట్టిపడడం) అని రాసి ఫైలు మూశాను. పొట్టలోని నీటికి ఇన్‌ఫెక్షన్ సోకి జ్వరంతో ఉన్నప్పుడు తీసిన రక్తమది, ఆ అంకె ఆ జ్వరంలో పెరిగిన అంకె అన్న ఆలోచన నాకు రాలేదు. వాళ్ల నాన్న రెండుసార్లు, “వీడి రాత చెడిపోయిందండి” అని చెప్పాడు. సిర్రోసిస్ ముదిరితే మెదడు మందగించి రాత అలాగే అవుతుందని నేను సమాధానం చెప్పాను. అది అబద్ధం కాదు. కాని నేను వలయం కోసం కంటి విభాగానికి పంపలేదు.

రెండేళ్ల తర్వాత వాళ్లు తిరిగి వచ్చినప్పుడు ఆయన సంచిలోంచి రెండు నోటు పుస్తకాలు తీశాడు. మొదటిది ఇంటర్ మొదటి సంవత్సరం నాటిది: గుండ్రంగా, ముత్యాల్లా, తలకట్లు ఒకే వరుసలో నిలబడిన తెలుగు. రెండోది ఏడాదిన్నర తర్వాతది. పేజీ మొదట్లో అక్షరాలు మామూలుగా మొదలై, గీత చివరికి వచ్చేసరికి చీమల్లా చిన్నబోయాయి, ‘క్ష’ రాయబోయి మూడుసార్లు కొట్టివేసిన చోట కాగితం చిరిగింది. “మందు అలవాటైందేమో అని ఒకసారి కొట్టాను కూడా సార్” అన్నాడు ఆయన. అబ్బాయి నోటి పక్క నుంచి చొంగ కారుతోంది, మాట అర్థం కావడం లేదు. వలయం కోసం స్లిట్ ల్యాంప్ కూడా అక్కర్లేకపోయింది, కిటికీ వెలుగులోనే కనిపించింది. రాగిని బయటికి లాగే పెనిసిల్లమైన్ మొదలుపెడితే కొందరిలో తొలి వారాల్లో వణుకు మరింత పెరుగుతుంది, అతనికీ పెరిగింది. తర్వాత చాలావరకు కుదుటపడ్డాడు. పేరు రాయగలడు, బస్సు ఎక్కగలడు, కాని మాట పూర్తిగా తిరిగి రాలేదు. ఆ రెండేళ్లు నా వల్ల పోయినవి.

ఈ జబ్బుకు తొలి మాత్ర ఎలా వచ్చిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అంతకు ముందు ఉన్నదల్లా నూనెలో కలిపి పిరుదుకు పొడిచే, భరించలేని నొప్పి పుట్టించే బీఏఎల్ ఇంజెక్షనే. పెనిసిలిన్ తీసుకున్న రోగుల మూత్రంలో పెనిసిల్లమైన్ అనే పదార్థాన్ని అంతకు ముందే గుర్తించిన జాన్ వాల్ష్ అనే ఆంగ్ల వైద్యుడు, బోస్టన్‌లో ఒక విల్సన్ రోగిని చూసినప్పుడు, దాని నిర్మాణాన్ని బట్టి అది రాగిని పట్టుకుని బయటికి లాగగలదని ఊహించాడు. ముందు తానే మింగి చూశాడు, తర్వాత రోగికిచ్చాడు. 1956లో దాన్ని ప్రచురించాడు. అది పడనివాళ్లకు ట్రైయెంటీన్ అనే మందు వచ్చింది. జింక్ దారి వేరు. అది పేగు గోడ కణాల్లో మెటల్లోథయోనిన్ అనే ప్రొటీన్‌ను పెంచుతుంది, తిండిలోని రాగి దానికి అతుక్కుపోయి, ఆ కణాలు రాలినప్పుడు మలంలో వెళ్లిపోతుంది. మూడింటికీ ఒకటే షరతు: కడుపు ఖాళీగా ఉన్నప్పుడే వేసుకోవాలి, జీవితాంతం వేసుకోవాలి. పెనిసిల్లమైన్‌తో పాటు పిరిడాక్సిన్ (విటమిన్ బి6) ఇవ్వాలి, మూత్రంలో ప్రొటీన్, రక్తకణాల సంఖ్య చూస్తూ ఉండాలి. బాగైపోయామని మందు మానేసిన వాళ్లు కొద్ది నెలలకో, రెండు మూడేళ్లకో లివర్ ఒక్కసారిగా విఫలమై రావడం నేను చూశాను. వారిలో ఒకమ్మాయి పెళ్లి కుదిరాక మాత్రలు అత్తగారింట్లో కనిపిస్తాయని మానేసింది.

రాగి చెంబు మాట వచ్చింది కాబట్టి, రోగుల బంధువులు తప్పకుండా అడిగే ప్రశ్న: రాత్రి చెంబులో పోసిన నీళ్లు పొద్దున తాగొచ్చా? లివర్ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వట్టి నీళ్లతో ఇబ్బంది కనిపించదు. తాగే నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల రాగి దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది. దానివల్ల అద్భుతాలు జరుగుతాయన్న మాట మాత్రం నేను నమ్మను. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు వాటిలో పెట్టకూడదు. పులుపు రాగిని కరిగిస్తుంది, చింతపండుతో తోమితే రాగి మెరిసేదీ అందుకే. విల్సన్ జబ్బు ఉన్నవాళ్లకైతే ఆ చెంబు పూర్తిగా నిషిద్ధం. దానితో పాటు మేక కార్జం, రొయ్యలు, పీతలు, పుట్టగొడుగులు, జీడిపప్పు, చాక్లెట్ కూడా, కనీసం మొదటి ఏడాది.

ఇది చాదస్తం కాదనడానికి మన దేశంలోనే ఒక పెద్ద సాక్ష్యం ఉంది. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు పొట్ట ఉబ్బి, లివర్ రాయిలా గట్టిపడి, నెలల్లో ప్రాణం పోయే జబ్బును 1887లో కలకత్తా వైద్యుడొకరు రాశారు. తర్వాత దాన్ని భారతీయ బాలల సిర్రోసిస్ అన్నారు. మన పాత పత్రికల్లో చంటిపిల్లల లివర్ మందుల ప్రకటనలు అంతగా కనిపించింది ఈ భయం వల్లే. ఆ పిల్లల లివర్‌లో రాగి విల్సన్ జబ్బును మించి ఉండేది, కాని కంటిలో వలయం లేదు, సెరులోప్లాస్మిన్ మామూలే. 1983లో పుణే వైద్యులు, బ్రిటన్‌కు చెందిన టానర్ అనే వైద్యుడు కలిసి ప్రచురించిన పరిశీలన పాలగిన్నె వైపు వేలు చూపించింది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాచి నిలవుంచిన పాలు రాగిని బాగా పట్టుకుంటాయి, తల్లిపాలు చాలక ఆ పాలు తొందరగా మొదలుపెట్టిన పసివాళ్ల లివర్ దాన్ని వదిలించుకోలేదు. ఆస్ట్రియాలోని టైరోల్‌లో కూడా 1900 నుంచి 1974 వరకు 138 మంది పసివాళ్లు ఇలాగే పోయారు, అక్కడ రాగి పాత్రలు. స్టీలు గిన్నెలు వచ్చాక రెండు చోట్లా జబ్బు దాదాపు మాయమైంది. నా చిన్నప్పుడు వీధిలోకి కళాయివాడు వచ్చి, కొలిమి తిత్తి ఊదుతూ, నవసాగరం పొడి చల్లి, కరిగిన తగరాన్ని పీచుతో గిన్నె లోపలంతా పాముతుంటే ఆ వెండి మెరుపు కోసం చూస్తూ నిలబడేవాళ్లం. ఆ పలుచని తగరం పొర వెనక ఇంత కథ ఉందని మెడిసిన్ చదివాకే తెలిసింది.

ఇక ఆ కుర్రాడి సంగతి. బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే సమయం, ఏఎస్‌టీ, తెల్లకణాలు, ఆల్బుమిన్, ఈ ఐదింటికీ మార్కులు వేసే పట్టిక ఒకటుంది, 2005లో లండన్ కింగ్స్ కాలేజీ వైద్యులు సవరించినది. 11 వచ్చినా, దాటినా లివర్ మార్పిడి లేకుండా బతకడం కష్టం. వాడికి 13. మందులు పనిచేసేదాకా ఆగే వ్యవధి లేదు. ప్లాస్మా మార్చుతూ రక్తంలో తేలే రాగిని కొంత తగ్గించి, మరునాడే హైదరాబాద్ పంపాం. అక్కడ మరణించిన దాతల అవయవాల కోసం ఎదురుచూసేవారి జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదు చేస్తూనే తల్లిదండ్రులకూ పరీక్షలు చేశారు. ఒక్క లోపపు జన్యువు ఉన్నవారి లివర్ రాగిని సరిగానే పంపిస్తుంది కనుక వాళ్లు దానం చేయవచ్చు. తండ్రి లివర్‌లో కొవ్వు ఎక్కువని వద్దన్నారు. తల్లి తన లివర్‌లో కుడి భాగం ఇచ్చింది. కొత్త లివర్‌లో ఆ ప్రొటీన్ ఉంటుంది కాబట్టి ఈ జబ్బు వరకు వాడికి ఇక రాగిని తీసే మందులు అక్కర్లేదు, మార్పిడికి సంబంధించిన మందులు మాత్రం తప్పవు.

చనిపోయిన అక్కకు కూడా ఇదే అయి ఉండాలి, నిరూపించడానికి ఇప్పుడు ఏమీ మిగల్లేదు. ఇంట్లో మిగిలిన ఆరేళ్ల తమ్ముణ్ణి అదే వారం పిలిపించాను. చక్కగా ఆడుకుంటున్నాడు, వలయం లేదు, ఎంజైములు కాస్త ఎక్కువ, సెరులోప్లాస్మిన్ 6. జన్యుపరీక్షలో రెండు ప్రతులూ లోపమున్నవే అని తేలింది. జింక్ మొదలుపెట్టాం, రోజుకు మూడుసార్లు. పొద్దున బడికి వెళ్లే ముందు, తినడానికి గంట ముందు మాత్ర వేయడమే ఇప్పుడు ఆ ఇంట్లో పెద్ద గొడవ. లేచీ లేవగానే ఆకలంటాడట, మాత్రతో వాంతి వచ్చినట్టుంటుందట. పొద్దుటి మాత్రను కొంచెం ఆలస్యంగా, టిఫినుకూ మధ్యాహ్న భోజనానికీ సరిగ్గా మధ్యలో, బడిలో టీచరమ్మ చేత వేయించమని చెప్పాను. నిన్న వచ్చారు. తల్లి ప్లాస్టిక్ డబ్బా మీద కాగితం అంటించి, మొదలుపెట్టిన గంటా ముగించిన గంటా రాసి తెచ్చింది. ఇవాళ సాయంత్రం ఫలితం వచ్చింది, 48 మైక్రోగ్రాములు, జింక్ వాడుతున్నవాడికి అది తృప్తికరమైన అంకే. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మని రాశాను.